ఊళ్లో చిన్నపిల్లలకు చదవడం నేర్పే సాయంత్రం గంట: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

మాది కర్నూలు జిల్లాలో ఆదోని వైపు పల్లె. కొన్నేళ్లుగా మా వీధి పిల్లలకు సాయంత్రం పూట తెలుగు చదవడం నేర్పిస్తున్నాం. సంతలో కలిసినవాళ్లు, ఎమ్మిగనూరు నుంచి, పత్తికొండ నుంచి ఫోన్ చేసేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "మా ఊళ్లో కూడా ఇట్లాంటిది పెట్టాలని ఉందక్కా, యాడ మొదలుపెట్టాల?" ప్రతిసారీ అరగంట చెబుతాను, అందులో ముఖ్యమైనదేదో ఒకటి మరిచిపోతాను. అందుకే అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

మొదటి ఏడాది నాలుగో తరగతి పిల్లవాడొకడు వచ్చాడు. పాఠం తీసి గడగడా చదివేశాడు. నాకు చాలా సంతోషమేసింది. తీరా చూస్తే వాడి వేలు పేజీలో బొమ్మ మీద ఉంది. "అబ్బీ, ఈ మాట ఏంది?" అని మూడో లైన్లో "చెరువు" చూపించాను. వాడు పాఠం మళ్లీ మొదటి నుంచి అందుకుని, చెప్పుకుంటూ చెప్పుకుంటూ వచ్చి, ఎక్కడ ఆగాలో తెలియక నా మొహంలోకి చూశాడు. పాఠమంతా చెవితో నేర్చుకున్నాడు. "చె" అక్షరం చూపిస్తే తెలియదు. బడిలో నలభై మందిలో గొంతు కలిపితే ఎవరికీ తెలియదు కదా. వాడెక్కడ ఆగిపోయాడో ఒక్కణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరూ చూడలేదు, అంతే.

మీరు చేయబోయే పని ఆ చూడటమే. దానికి మీరు టీచర్ కానక్కర్లేదు. తెలుగు తప్పుల్లేకుండా చదవగలిగి, ఓపికగా వినగలిగితే చాలు. ఇంటర్ చదివే ఆడపిల్లలు, కిరాణా కొట్టు నడిపే అన్న, రిటైరయిన కండక్టర్ ఎవరైనా చేయొచ్చు.

కావలసినవి

- వారానికి కనీసం నాలుగు రోజులు గంట సేపు రాగల మనుషులు ముగ్గురు. ఇరవై మంది పిల్లలకు నలుగురుంటే ఇంకా మంచిది.
- వెలుతురు, గాలి, నీడ ఉన్న చోటు. గుడి కట్ట, మసీదు పక్క అరుగు, బడి వరండా, ఎవరిదైనా ఖాళీ కొట్టం. నలుగురూ వచ్చిపోయే చోటే కావాలి.
- పలకలు, బలపాలు, సుద్దముక్కలు, ఒక పెద్ద చాప.
- పాత పెళ్లి పత్రికలు ఒక సంచి నిండా. వెనకవైపు ఖాళీగా, అట్ట గట్టిగా ఉంటుంది. అక్షరాల కార్డులకు ఇంతకంటే మంచి అట్ట దొరకదు.
- నల్ల మార్కర్ పెన్ను, ఒక నోటు పుస్తకం, డబ్బాలో గుప్పెడు చింతగింజలు.
- కథల పుస్తకాలు ముప్పై దాకా. కొనలేకపోతే దారి తర్వాత చెబుతాను.
- తాగే నీళ్ల బిందె, గ్లాసు. ఎండాకాలంలో ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.

ఖర్చు రెండు మూడు వేలకు మించదు. ఎవరైనా స్పీకర్లు, టీవీ ఇస్తామంటే ఇప్పుడే వద్దని చెప్పండి. మొదటి ఆరు నెలలు వాటితో పని ఉండదు.

1. ముందు ఊరితో మాట్లాడండి

మొదట బడి హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లండి. "మీరు సరిగా చెప్పడం లేదని కాదు సార్, మీరు చెప్పినదాన్ని సాయంత్రం ఇంకోసారి చదివిస్తాం" అని చెప్పండి. ఇది నిజం కూడా. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసే బళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆయనకు మీ మీద నమ్మకం కుదిరితే పిల్లల్ని ఆయనే పంపిస్తారు, వర్షం వస్తే వరండా కూడా ఇస్తారు.

తర్వాత అంగన్‌వాడీ అక్క, ఆశా కార్యకర్త, పొదుపు సంఘం లీడర్. ఏ ఇంట్లో ఏ వయసు బిడ్డ ఉందో ఈ ముగ్గురికీ తెలుసు.

ఇంటింటికీ వెళ్లినప్పుడు "వాలంటీర్లం" అని చెప్పుకోకండి. 2019లో గ్రామ వాలంటీర్లు వచ్చినప్పటి నుంచి ఆ మాట వింటే జనానికి పింఛను, రేషన్ కార్డు గుర్తొస్తాయి. మా వాళ్లు మొదటి రోజు ఆ మాట చెబితే ఒక అవ్వ లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చిచ్చింది. "సాయంత్రం పిల్లలకు చదువు చెప్పేవాళ్లం" అనండి. పిల్లలు ఎలాగూ "చదువక్క, చదువన్న" అని పిలుస్తారు.

తల్లినో తండ్రినో ఒక్క మాట అడిగి, బిడ్డ పేరు, ఇంట్లో ఎవరిదైనా ఫోన్ నంబర్ రాసుకోండి. అనుమతి లేకుండా ఏ బిడ్డనూ కూర్చోబెట్టుకోవద్దు.

2. చోటు, టైం, కొన్ని కట్టుబాట్లు

మాకు సరిపోయిన టైం ఐదుంబావు నుంచి ఆరుంబావు. బడి నుంచి వచ్చి ఏదో ఒకటి తిని ఆడుకున్నాక, సీరియళ్లు మొదలుకాకముందు. మార్గశిర, పుష్య మాసాల్లో తొందరగా చీకటి పడుతుంది కాబట్టి అరగంట ముందుకు జరపండి. కరెంటు మీద ఆధారపడొద్దు.

పిల్లల భద్రత విషయంలో కొన్ని కట్టుబాట్లు మొదటి రోజే పెట్టుకోండి, ఎవరికోసమూ సడలించొద్దు. పెద్దవాళ్లు ఇద్దరికి తగ్గితే ఆ రోజు క్లాసు లేదు. మూసిన గదిలో ఒక్క బిడ్డతో ఒక్క పెద్ద మనిషి ఉండకూడదు. కొట్టడం, గోడకుర్చీ, "మొద్దు" అనే మాట ఏదీ ఉండకూడదు. ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకూడదు. ఏ బిడ్డ ఒంటి మీదైనా దెబ్బలు కనిపించినా, భయపెట్టే మాట ఏదైనా చెప్పినా 1098 చైల్డ్‌లైన్‌కు ఫోన్ చేయాలని మీ అందరికీ తెలిసి ఉండాలి.

వానాకాలంలో కొట్టం అయితే చాప వేసే ముందు మూలలు టార్చితో చూడండి. తేళ్లు ఉంటాయి.

3. ప్రతి బిడ్డనూ విడిగా పరీక్షించండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇది. చాలామంది దీన్ని వదిలేసి మొదటి రోజే బోర్డు మీద "అ, ఆ" రాస్తారు. అప్పటికే చదవగలిగే పిల్లలకు విసుగు పుడుతుంది, రానివాళ్లు గుంపులో దాక్కుంటారు.

2005 నుంచి మన దేశంలో జరుగుతున్న ఆసర్ సర్వేలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును చూసే చిన్న పద్ధతి ఒకటి ఉంది. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తయారు చేసిన పద్ధతి అది. మనకు సరిగ్గా సరిపోతుంది. ఒక అట్ట మీద నాలుగు భాగాలు రాసుకోండి:

అక్షరాలు: మ, ర, త, ప, క, న, ల, గ, స, వ

పదాలు: పలక, కాకి, మేక, గోడ, పాము, చేను, పులి, తాత, నీరు, పూలు

పేరా: మా ఇంటి పక్కన చెరువు ఉంది. వాన పడితే చెరువు నిండుతుంది. ఆవులు అక్కడికి వస్తాయి. నీళ్లు తాగి పోతాయి.

కథ: ఎనిమిది పది వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో. మీరే రాసుకోండి. బడి పుస్తకంలోది వద్దు, కంఠతా వచ్చి ఉంటుంది.

పరీక్ష పేరాతో మొదలుపెట్టండి. వాక్యం వాక్యంలా చదివి, మూడు తప్పులకు మించకపోతే కథ ఇవ్వండి. పేరా దగ్గరే తడబడితే పదాలకు దిగండి. ఏవైనా ఐదు పదాలు చదవమని, నాలుగు సరిగ్గా వస్తే "పదం స్థాయి" అని రాసుకోండి. రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటిలో నాలుగు. అవీ రాకపోతే "మొదలు" అని రాసుకోండి. ఒక్కో బిడ్డకు ఐదు నిమిషాలు పట్టదు.

పరీక్ష పెట్టేటప్పుడు పక్కన ఇంకో పిల్లవాడు ఉండకూడదు. అందిస్తాడు. తప్పు చదివితే మీరు మొహం చిట్లించకూడదు, సరిదిద్దకూడదు. "సరే నాయనా, ఇంకోటి చదువు" అనాలి. ఇంట్లో ఏం మాట్లాడతారో కూడా అడిగి రాసుకోండి. మన జిల్లాలో ఉర్దూ, కన్నడ, లంబాడీ మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. "చేను" చదివి కూడా అర్థం తెలియని బిడ్డకు చదవడం రాదని అనుకుంటే పొరపాటు.

ఇక ఏ తరగతి అని అడక్కుండా స్థాయిని బట్టి గుంపులు చేయండి. రెండో తరగతి చెల్లెలు పేరా గుంపులో, నాలుగో తరగతి అన్న అక్షరాల గుంపులో పడొచ్చు. ఆ అన్నకు సిగ్గుగా ఉంటుంది. మేం గుంపులకు చింత, వేప, కానుగ, రేగు అని పేర్లు పెట్టాం. ఏది పైదో ఏది కిందదో పిల్లలకు చెప్పం. పెద్ద పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని కలిపి, చిన్నవాళ్లకు కాస్త దూరంగా కూర్చోబెడతాం.

4. అక్షరాల గుంపు: వరుస మార్చండి

యాభై ఆరు అక్షరాలూ అయ్యాకే పదాలు అని పట్టుబడితే బిడ్డ అలసిపోతుంది. ఋ, ఌ, ఙ, ఞ చిన్నపిల్లలకు ఇప్పుడు అక్కర్లేదు. వెంటనే పదాలయ్యే అక్షరాలతో మొదలుపెట్టండి. ప, ల, క, త, వ, డ, గ, ర, న, మ. మొదటి మూడూ నేర్చుకున్న రోజే బిడ్డ "పలక" చదువుతుంది. నాలుగోది కలిస్తే "తల", "కలత". వారం తిరిగేసరికి "వల, వడ, పడవ, గడప, కడవ". గుణింతం లేకుండా ఇన్ని మాటలు వస్తాయి మన భాషలో.

ముందు చెవికి పని చెప్పండి. "పలక" అని మీరు అంటే పిల్లలు మూడు చింతగింజలు పెట్టాలి. ప, ల, క. "గడప"కు మూడు, "తల"కు రెండు. మాటను ముక్కలుగా వినగలిగిన బిడ్డకు ముక్కల్ని కలిపి చదవడం తేలిక. రోజూ ఐదు నిమిషాలు చాలు.

ఒకేలా కనిపించే అక్షరాల్ని ఒకే రోజు చెప్పకండి. న–స, ద–డ, ప–వ–మ. ఒకటి బాగా కుదిరాక, కొన్ని రోజులు ఆగి రెండోది. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి తేడా వాళ్లతోనే చెప్పించండి. మా దగ్గర ఒక పాప "న"కు "స"కు తేడా చెప్పమంటే వేలితో ఇసుకలో రెండూ గీసి, గీత ఎక్కడ మెలిక తిరిగిందో చూపించింది. నేను చెప్పి ఉంటే గుర్తుండేది కాదు.

5. గుణింతం: పాటగా వచ్చినంత మాత్రాన వచ్చినట్టు కాదు

"క కా కి కీ" పాడటం పిల్లలందరికీ వచ్చు. కానీ "కొ" కార్డు ఒక్కటే చూపిస్తే చాలామంది లోపల మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి లెక్కపెట్టుకుని చెబుతారు. పెదవులు కదులుతుంటాయి చూడండి. అట్లా చేస్తే ఒక్కో అక్షరానికి అంత సేపు పట్టి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు.

అందుకే అడ్డంగా కాకుండా నిలువుగా నేర్పండి. ఈ వారమంతా దీర్ఘం ఒక్కటే: కా, గా, తా, పా, రా, లా. తాత, మాట, బాట, పాలకడవ. "నాలుక" అప్పుడే వద్దు, అందులో కొమ్ము ఉంది. వచ్చే వారం గుడి: కాకి, గది, నది, పిడక. ఆ తర్వాత కొమ్ము: పులి, గుడి, చదువు. ఒక్కో గుర్తుకు వారం, ఏత్వం ఓత్వాలకు కాస్త ఎక్కువ. తెలిసిన అక్షరాల మీద కొత్త గుర్తు ఒక్కటే పెడుతున్నాం కాబట్టి బిడ్డ తడబడదు.

కొమ్ము దగ్గర ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకోండి. "కు", "లు"లో కొమ్ము పక్కన పైనుంచి వస్తుంది. "పు", "వు"లో కింద తగులుకుంటుంది. "వ"కు మామూలుగా పక్కన కొమ్ము పెడితే "మ" అయిపోతుంది కదా. పిల్లలు "పులి" దగ్గర ఆగిపోతే కారణం ఇదే. అట్లాగే మి, మొ, యి, ఘొ లాంటివి మిగతావాటిలా కనబడవు. వీటిని విడిగా కార్డుల మీద రాసి, గోడకు అతికించండి.

6. ఒత్తులు: ఇంట్లో వాళ్ల పేర్లతో

ఒత్తుల దగ్గర పిల్లలు భయపడతారు. చాలా ఒత్తులు అక్షరాన్నే చిన్నదిగా చేసి కింద పెట్టినట్టుంటాయి కాబట్టి అవి తొందరగా వస్తాయి. అసలు అక్షరానికి పోలికే లేనివి త, న, మ, య, ర, ల ఒత్తులు. కష్టమైనవి అనిపించేవి అవే. కానీ మన అదృష్టం ఏమిటంటే బిడ్డ రోజూ పలికే మాటల్లో అవన్నీ ఉన్నాయి.

అత్త. నాన్న. అమ్మ. అయ్య. గొర్రె. పిల్లి.

ఆరు మాటలు ఆరు పెళ్లి పత్రికల వెనక పెద్దగా రాయండి. ఒత్తు మాత్రం ఎర్ర రంగులో. "అక్క", "అవ్వ", "అబ్బ" కూడా కలపండి. కొత్త మాటలో "న్న" తగిలి ఆగిపోయినప్పుడు చెప్పేయకండి. "ఇది నాన్నలో ఉంది చూడు" అని ఆ కార్డు వైపు చూపించండి. "అన్నం" దానంతటదే వస్తుంది. తర్వాత "వెన్న, చిన్న, జొన్న". మా వైపు జొన్న తెలియని బిడ్డ ఉండదు.

లంబాడీ, ఉర్దూ ఇళ్ల పిల్లలు ఇంట్లో అమ్మను, అత్తను వేరే పేర్లతో పిలుస్తారు. బడిలో వాళ్లకు తెలిసిన తెలుగు మాటలతో కార్డులు చేయండి, లేదా స్నేహితుల పేర్లతో. ఒక బిడ్డ పేరులోనే ఒత్తు ఉంటే ఆ కార్డు ఆ బిడ్డదే.

7. గంటను ఇలా పంచుకోండి

మొదటి ఐదు నిమిషాలు అందరూ కలిసి. పొడుపు కథో, చేతులూపే పాటో.

తర్వాత పది నిమిషాలు ఒక చదువక్క అందరికీ కథ చదివి వినిపిస్తుంది. పుస్తకం పిల్లలవైపు తిప్పి, వేలు మాటల కింద జరుపుతూ. మధ్యలో ఆపి "ఇప్పుడేం చేస్తుంది నక్క?" అని అడగండి. చదవడం రాని బిడ్డకు పుస్తకం మీద ఇష్టం పుట్టేది ఇక్కడే. పనుల హడావుడిలో అందరూ మొదట కొట్టేసేది కూడా ఇదే. కొట్టేయకండి.

ముప్పై నిమిషాలు గుంపుల్లో పని. ఈ అరగంటలో ప్రతి బిడ్డ ఒక్కసారైనా ఒంటరిగా మీకు చదివి వినిపించాలి. గుంపు పెద్దదైతే మిగతావాళ్లు కార్డులతో మాటలు కూర్చుకుంటారు, పలక మీద రాస్తారు. పేరా గుంపు వాళ్లు జతలుగా ఒకరికొకరు చదువుకుంటారు.

చివరి పదిహేను నిమిషాలు ఎవరిష్టం వచ్చిన పుస్తకం వాళ్లు తీసుకుని చూసుకోవచ్చు. తలకిందులుగా పట్టుకున్నా ఏమీ అనొద్దు. పోయేటప్పుడు ఒక పుస్తకం ఇంటికి. చిరుగుతుంది, సంగటి అంటుకుంటుంది, ఫరవాలేదు. బీరువాలో భద్రంగా ఉన్న పుస్తకంతో ఎవరికీ చదవడం రాలేదు.

పుస్తకాలకు దారి చెబుతానన్నాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది. అందులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది. ఆదోనిలో జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయించి, మధ్యలో పిన్ను కొట్టి అట్ట వేస్తే పుస్తకమే. పై తరగతికి పోయిన పిల్లల పాత వాచకాలు అడిగి తెచ్చుకోండి. లెక్కల్లాంటి బడి పుస్తకాలు దొరికితే వాటిలో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉండొచ్చు. మనం తెలుగు పేజీ చూసుకుంటాం. ఇంగ్లీషు పేజీ మీద అట్టముక్క పెట్టండి, లేకపోతే చిన్నవాళ్ల కళ్లు అటే పోతాయి.

పుస్తకాలు లేని రోజు బయటికి తీసుకెళ్లండి. బిస్కెట్ ప్యాకెట్లు, గోడ మీద రాతలు, కిరాణా కొట్టు బోర్డు, ఆర్టీసీ బస్సు బోర్డు. "ఎమ్మిగనూరు" చదివేసిన రోజు బస్సు కనబడితే చాలు, పిల్లలు పరిగెత్తారు.

8. బిడ్డ ఆగినప్పుడు మీరేం చేయాలి

కొత్తగా వచ్చిన చదువన్నలకు, చదువక్కలకు రెండు గంటలు నేర్పితే అందులో గంటన్నర దీనికే పెట్టండి.

బిడ్డ ఒక మాట దగ్గర ఆగితే, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. నోరు తెరవొద్దు. మనకు ఐదు అంకెలు చాలా సేపనిపిస్తుంది, బిడ్డకు అవసరం. అప్పటికీ రాకపోతే మాట సగం వేలితో మూసి మొదటి అక్షరం చూపించండి. "చె" అన్నాక వేలు జరపండి, "రు", ఇంకా జరపండి, "వు". "ఇప్పుడు కలిపి చెప్పు నాయనా." అప్పటికీ రాకపోతే మీరే చెప్పండి, కానీ వాక్యం మళ్లీ మొదటి నుంచి వాళ్ల చేతే చదివించండి.

తప్పు చదివి ముందుకు పోతే వాక్యం చివరిదాకా పోనివ్వండి. "ఆవు చెట్టు తాగింది" అని చదివాక "ఆవు చెట్టు తాగుతుందా?" అని అడిగితే వాళ్లే వెనక్కి వచ్చి చూసుకుంటారు. అర్థం కోసం వెనక్కి రావడం ఒక్కసారి అలవాటైతే మీ పని సగం తగ్గుతుంది.

ఇంట్లో మాట్లాడే తీరును మాత్రం సరిదిద్దొద్దు. పుస్తకంలో "వస్తున్నాడు" అని ఉంటే "వస్తాండాడు" అని చదివిన బిడ్డకు అర్థమైనట్టే కదా. "మాట బాగా పట్టుకున్నావు, ఇక్కడ ఎట్లా రాశారో ఒకసారి చూడు" అనండి. మన యాసను తప్పనిపించామంటే ఆ బిడ్డ రేపటి నుంచి నోరు విప్పదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అందరితో కలిపి చదివించడం. వినడానికి బాగుంటుంది, ఊళ్లో పేరొస్తుంది. కానీ ఇరవై గొంతుల్లో ఐదుగురు చదువుతుంటే పదిహేను మంది వాళ్ల వెనక పోతుంటారు. రోజుకు రెండు నిమిషాలు మించి వద్దు.

బొమ్మ చూసి చెప్పడాన్ని చదవడం అనుకోవడం. మేక బొమ్మ కింద ఉన్న మాటను "మేక" అనడం గొప్ప కాదు. బొమ్మ మీద చెయ్యి పెట్టి అడగండి.

రాతతో మొదలుపెట్టడం. చూచిరాత పేజీలు నింపిస్తే తల్లిదండ్రులకు పని కనబడుతుంది, అక్షరం గుండ్రంగా వస్తుంది. చదవడం మాత్రం అక్కడే ఉంటుంది. రాత ఉండాలి, కానీ చదివిన మాటే రాయాలి.

హోంవర్క్ చేయించే ట్యూషన్‌గా మారిపోవడం. పెద్ద పిల్లలు పుస్తకాల సంచితో వస్తారు, తల్లులు అడుగుతారు, కాదనలేం. ఒప్పుకుంటే నెలలోపు చదవడం రాని చిన్నవాళ్లు మూలకు పోతారు. మాకు జరిగింది. హోంవర్క్‌కు వేరే రోజు పెట్టండి, లేదా పదో తరగతి పిల్లలకు ఆ పని అప్పగించండి.

చాక్లెట్లు, బహుమతులు. చదివిన ప్రతి పేజీకి చాక్లెట్ ఇస్తే రెండు వారాల తర్వాత చాక్లెట్ లేని రోజు ఎవరూ రారు. నెలకోసారి అందరికీ బొరుగులు, శెనక్కాయలు, బెల్లం పెట్టండి. చదవడం వచ్చిన వాళ్లకు, రాని వాళ్లకు తేడా లేకుండా.

9. వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆరు వారాలకోసారి అదే పరీక్ష, మాటలు వాక్యాలు మార్చి. మొదటిసారి పరీక్షించిన మనిషి కాకుండా వేరేవాళ్లు చేయాలి. మన గుంపు పిల్లలకు మనం తెలియకుండానే మార్కులు వేస్తాం. ఫలితం నోటు పుస్తకంలో తేదీతో రాయండి: మొదలు, అక్షరం, పదం, పేరా, కథ. ఎవరు కదిలారు, ఎవరు కదల్లేదు అంతే చూడండి. ర్యాంకులు వద్దు.

కంఠతా అప్పజెబుతున్నారేమో అనుమానం వస్తే చిన్న చిట్కాలున్నాయి. వాక్యాన్ని చివరి మాట నుంచి వెనక్కి చదివించండి. అర్థం లేని మాటలు ఇవ్వండి: "లపడ", "మికో", "తేరుగ". అవి ఎక్కడా విని ఉండరు కాబట్టి అక్షరాలు కలిపి చదవాల్సిందే. నవ్వుతూ చదువుతారు, మీకు నిజం తెలుస్తుంది. పేరా అయ్యాక పుస్తకం మూసి రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి అందులో ఉన్నది, ఇంకోటి ఆలోచించి చెప్పాల్సింది. "ఆవులు ఎందుకొచ్చాయి?" "చెరువు ఎండిపోతే ఏం చేస్తాయి?"

నిమిషానికి ఎన్ని మాటలు అని గడియారం పెట్టుకోకండి. "తాగడానికి", "వచ్చేటప్పుడు" మనకు ఒక్కో మాటే, ఇంగ్లీషులో రెండు మూడు. ఆ లెక్కలు తెచ్చి పెడితే పిల్లలకూ మీకూ టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. మాటకూ మాటకూ మధ్య ఆగకుండా, మాట్లాడినట్టు చదువుతున్నారా అని వినండి.

రెండు పరీక్షల్లో కదలని బిడ్డ ఉంటే ముందు కళ్లు, చెవులు చూపించమని తల్లిదండ్రులతో చెప్పండి. మా దగ్గర ఒక పాప బోర్డు దగ్గరికి పోయి పోయి చదివేది. కళ్లద్దాలు వచ్చిన నెలలో పదం నుంచి పేరాకు వచ్చింది. నాలుగు నెలలు మేం ఆ పాపకు మందబుద్ధి అనుకున్నాం. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

10. చదవడం రాని అమ్మానాన్నలు కూడా చేయగలిగేది

"మాకే రాదు, మేమేం చెబుతాం" అంటారు. వాళ్లు చేయాల్సింది వినడమే. రాత్రి సంగటి తినే ముందు ఐదు నిమిషాలు బిడ్డ చదువుతుంటే పక్కన కూర్చోవాలి. వేలు మాటల కింద జరుగుతోందా, పేజీ తిప్పుతోందా చూడటానికి చదువు అక్కర్లేదు. "ఏముంది కథలో, నాకు చెప్పు" అని అడగొచ్చు. జేజిని (నాయనమ్మను) అడిగి ఒక పాత కథ చెప్పించుకుని రమ్మని పిల్లల్ని పంపండి. మరుసటి రోజు మీరు దాన్ని నాలుగు వాక్యాల్లో చార్టు మీద రాయండి. తమ జేజి చెప్పిన కథను పిల్లలు ఎంత ఇష్టంగా చదువుతారో ఒకసారి చూడాలి.

11. సుగ్గికి పోయే పిల్లలు

మా వైపు పంటలు సరిగా లేని ఏడాది దీపావళి దాటాక చాలా కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోతాయి. గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు. పిల్లల్ని వెంట తీసుకుపోతారు. చాప మీద సగం మందే మిగులుతారు. ఆ నెలల్లో చాలా ఊళ్లలో ఇలాంటి గంటలు ఆగిపోతాయి.

మీరు ఆపకండి. పోయేవాళ్ల గురించి ముందే కనుక్కోండి. అవ్వతాతల దగ్గర వదిలిపోయే వీలుంటే, మండలంలో ఆ కాలానికి పెట్టే సీజనల్ హాస్టల్ ఉంటే, హెడ్మాస్టర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడండి. ఒప్పుకోకపోతే గట్టిగా పట్టుబట్టొద్దు, వాళ్ల ఇబ్బంది వాళ్లది.

పోయే బిడ్డకు ఒక సంచి ఇవ్వండి. అందులో ఐదు పుస్తకాలు, పలక, బలపాలు, ఆరు ఒత్తుల కార్డులు. వారానికోసారి ఆ ఇంట్లో వాళ్ల ఫోన్‌కు చేసి, బిడ్డతో ఒక పేజీ చదివించుకుని వినండి. కోతల నుంచి వచ్చి అలిసిపోయి ఉంటారు కాబట్టి రాత్రి ఎనిమిదిన్నర లోపే చేయండి, ఐదు నిమిషాల్లో ముగించండి. ఎత్తకపోతే మరుసటి రోజు ఇంకోసారి చేయండి.

ఉగాదికి తిరిగొచ్చినప్పుడు "ఇన్ని రోజులు యాడ పోతివి" అని అడగొద్దు. నోటు పుస్తకంలో ఆ బిడ్డ పేజీ తీయండి. చివరి తేదీ దగ్గర ఏ స్థాయి రాసుందో చూసి, దానికంటే ఒక మెట్టు కింద నుంచి పరీక్ష మొదలుపెట్టండి. మొదటి మాట తప్పకుండా చదవగలిగేదై ఉండాలి. ఆ పక్కనే కొత్త తేదీ వేయండి.